పుట్టింటి పిల్ల దగ్గర అద్దె

“పుట్టింటి పిల్ల దగ్గర అద్దె తీసుకున్న మనిషి కొత్తపేట మొత్తం మీద ఒక్కరుంటే చూపించవే. వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను” అంది బంగారమ్మ.

దుర్గాభవాని తలెత్తలేదు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని పనసపొట్టు కొడుతోంది. కత్తి పడే చప్పుడు వీధి అరుగు దాకా వినబడుతోంది.

“నీకే చెబుతున్నాను.”

“వింటున్నానండి అత్తయ్యా.”

“వింటే పలకాలి.”

“పలికితే మీ మీద పడుతుందని పనసకాయ మీద పడుతున్నానండి.”

బంగారమ్మకి నవ్వొచ్చింది. కోపంలో ఉన్న మనిషి నవ్వకూడదు కాబట్టి పెరటి వైపు తిరిగి, లేని కాకిని అదిలించింది.

అంతా ఆ పొద్దున్న జరిగింది. మేడ మీద వాటాలో అద్దెకుంటున్న మెర్సీ టీచరు చర్చి నుంచి వస్తూనే, ఒకటో తారీకు కదా అని, అద్దె కవరులో పెట్టి కిందికి తెచ్చింది. ఆ వేళకి దుర్గ మార్కెట్టుకి వెళ్ళి ఉంది. బంగారమ్మ ఆ కవరు తీసుకోలేదు సరికదా, టీచర్ని పీట మీద కూర్చోబెట్టి, అరటిపళ్ళూ జాకెట్టుగుడ్డా చేతిలో పెట్టి, వాటి మీద ఒక చీర కూడా పెట్టింది. మడత విప్పని నీలం చీర. దుర్గ కువైట్ నుంచి వచ్చినప్పుడు అత్తగారి కోసం తెచ్చిన చీర.

ఇంట్లోకి అద్దె రావలసిన రోజున ఇంట్లోంచి చీర వెళ్ళింది.

“నాకు తెచ్చిన చీర నాది కాదా?” అంది బంగారమ్మ మళ్ళీ.

“మీదేనండి.”

“నాదైతే ఎవరికి పెట్టుకోవాలో నా ఇష్టం కాదా?”

“చీర మీ ఇష్టమేనండి. అద్దె ఒక్కటీ మీ ఇష్టం కాదు.”

కత్తి ఆగింది. అన్న మనిషీ, విన్న మనిషీ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ దుర్గ అత్తగారితో అలా మాట్లాడింది లేదు.

“అంటే ఇల్లు నీదనా?”

“అలా అనలేదండి.”

“అన్నావు. మేడ నీ కష్టంతో లేచింది కాబట్టి అన్నావు. కింద గోడలెవరివి? మీ మావగారు కట్టినవి. ఆ గోడల మీదే నిలబడింది నీ మేడ.”

“అవునండి. అందరం నిలబడాలనే వేయించాను.”

సరిగ్గా అప్పుడు కుమారస్వామి వచ్చాడు. కొబ్బరికాయల యార్డులో లోడు చూసి వస్తున్నాడు. జుట్టు నిండా కొబ్బరి పీచు. గుమ్మంలోనే తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, వచ్చిన దారినే ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నేను బయట తినేసి వస్తానేం.”

“బయటంటే ఎక్కడ?” అన్నారు అత్తా కోడళ్ళిద్దరూ ఒక్కసారే.

అతను చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు.

“ఒరేయ్, నువ్వు చెప్పు” అంది బంగారమ్మ. “నిన్ను కనడానికని మా పుట్టింటికి వెళ్ళాను. నువ్వింకా పురిటిగుడ్డువి. తొంభై ఆరు తుఫాను. మా ఇంటి కప్పు ఎటు కొట్టుకుపోయిందో చూసినవాడు లేడు. గోడలు మెత్తబడి కూర్చుండిపోయాయి. ఆ చీకట్లో జీవరత్నం మాస్టారు తలుపు తియ్యకపోతే నువ్వున్నావా, నేనున్నానా? ‘లోపలికి రా చెల్లెమ్మా’ అన్నారు. ఆ మాట అన్నాక అదే నాకు పుట్టిల్లు. ఆయన కూతురు నాకు మేనకోడలు. ఆ పిల్ల దగ్గర అద్దె తీసుకోమంటోంది నీ పెళ్ళాం.”

“ఆయ్” అన్నాడు కుమారస్వామి.

“ఆ అద్దె రాకపోతే మీ పెళ్ళాం మళ్ళీ కువైట్ వెళ్ళి ఇంకొకరి ఇల్లు తుడవాలి. అది కూడా చెప్పండి” అంది దుర్గ.

“ఆయ్” అన్నాడు కుమారస్వామి.

“రెండు వైపులా ఆయ్ అంటే ఎలాగరా?”

“రెండూ నిజమేనమ్మా” అన్నాడు అతను, తలలోంచి పీచు ఏరుకుంటూ.

ఆ కోపంతోనే అందరూ భోజనాలకి కూర్చున్నారు. అయినా బంగారమ్మ కోడలి కంచంలో గరిటెడు కూర ఎక్కువే వేసింది. దుర్గ వద్దనలేదు. థాంక్సు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. వద్దనకపోవడమే అక్కడ ఆ మాట.

*

చుట్టరికం సంగతి పోయిన ఆదివారం బయటపడింది. మెర్సీని చూడ్డానికి పి.గన్నవరం నుంచి వాళ్ళమ్మ కృపమ్మ వచ్చింది. మెట్ల దగ్గర ఎదురుపడి, ఇద్దరు ఆడవాళ్ళూ ముందు ఒకరి మొహం ఒకరు వెతుక్కున్నారు. తర్వాత ఒకరి చేతులు ఒకరు పట్టుకుని అక్కడే కూలబడ్డారు. అంతవరకూ మెర్సీకి బంగారమ్మ ‘ఆంటీ’. ఆ సాయంత్రం నుంచి ‘అత్తయ్యగారు’.

మాస్టారు పోయి చాలా కాలమైందని అప్పుడే తెలిసింది బంగారమ్మకి. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే పెసరట్టుతో మొదలుపెట్టింది.

పెసరట్టు, పులుసు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం జంతికలు. మెర్సీ వండుకున్న కూర మూత తియ్యకుండానే చల్లారిపోయేది. టీచరు బడికి వెళ్ళగానే బంగారమ్మ తన దగ్గరున్న తాళంతో తలుపు తీసి, ఆ పిల్ల బట్టలు మడత పెట్టి, పుస్తకాలు దులిపి, దిండు గలీబులు ఉతికి ఆరేసి వచ్చేది. మేనకోడలంటే అంతే మరి.

మెర్సీ ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ పిల్ల రోజురోజుకీ నెమ్మదిగా మాట్లాడుతోందని మాత్రం దుర్గ గమనించింది. మెట్లు దిగేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా తగ్గిపోయింది.

*

పెరట్లో కుళాయి దగ్గర కుమారస్వామి కాళ్ళు కడుక్కుంటున్నాడు. దుర్గ తువ్వాలు పట్టుకుని నిలబడింది.

“ఏవండీ. తాతబ్బాయి గారు ఫోన్ చేసేరా?”

తాతబ్బాయి కువైట్ వీసాలు చూసే ఏజెంటు. మొదటిసారి దుర్గని పంపించింది అతనే. మళ్ళీ పంపిస్తానంటున్నాడు.

“చేసేరు.”

“ఏమన్నారు మీరు?”

“సాయంత్రం ఇంటికి రమ్మన్నాను.”

“ఎందుకండీ?”

“ఫోన్లో కాదని చెబితే బాగోదు కదా. ఇంటికొస్తే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నెమ్మదిగా చెబుదామని.”

“టీ ఇచ్చాక మీరసలు చెప్పలేరు.”

కుమారస్వామి నీళ్ళలో తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అతన్ని చూస్తే దుర్గకి కోపం సగంలోనే ఆగిపోతుంది. కువైట్‌లో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం వీడియోలో కనబడేవాడు. బాగున్నావా అని అడిగి, ఇంకేం మాట్లాడాలో తెలీక, ఫోన్ తిప్పి కొబ్బరిచెట్లు చూపించేవాడు.

“అక్కడ మా మేడమ్ ఇంటి వెనకాల రెండు గదులుండేవండి” అంది దుర్గ. “కేరళవాళ్ళు అద్దెకుండేవారు. మేడమ్ ఏ ఉద్యోగమూ చెయ్యదు. ఆ ఇల్లే ఉద్యోగం చేస్తుంది. ఆవిడ పడుకున్నా చేస్తుంది, ఒంట్లో బాగోకపోయినా చేస్తుంది. రోజూ ఆ గదుల ముందు తుడుస్తూ అనుకునేదాన్ని, మనకీ మేడ మీద రెండు గదులుంటే నా బదులు అవి పనికెళ్తాయి కదా అని.”

“నువ్వనుకున్నట్టే వేశావుగా.”

“వేశాను. ఇప్పుడు మీరే చెప్పండి, వేశాక ఇల్లెలా ఉంది?”

అతను తువ్వాలు అందుకుని ఆలోచించాడు. ఇలాంటి ప్రశ్నలకి అతను నిజంగా ఆలోచించే జవాబు చెబుతాడు.

“కింద ఎండాకాలం వేడి తగ్గింది. పైన ఇంకో శ్లాబు పడ్డాక మధ్యాహ్నం పడుకోగలుగుతున్నాం. నేను లోడు మీద వెళ్ళినప్పుడు అమ్మ గురించి బెంగ లేదు, పైన మనిషుంది కదా. మన బుజ్జమ్మ చదువుకోడానికి పైకి పరిగెడుతోంది.” ఆగాడు. “ఇవన్నీ అద్దె లేకపోయినా ఉంటాయి కదా దుర్గా?”

“ఉంటాయండి. నేనుండను.”

కుళాయి కట్టేసినా ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది. కుమారస్వామి దాన్ని గట్టిగా తిప్పాడు. ఏదో చెప్పబోయి మానేశాడు. దుర్గ చూసింది కానీ అడగలేదు. అప్పుడే అడిగి ఉంటే బాగుండేది.

*

మేడ మీద తలుపు తీసే ఉంది. లోపల అట్టపెట్టెలు. బుజ్జమ్మ కింద కూర్చుని, టీచరు అందిస్తున్న పుస్తకాలు ఒక్కొక్కటే పెట్టెలో పేరుస్తోంది.

“అమ్మా, టీచరుగారు వెళ్ళిపోతున్నారంట” అంది, అదేదో ఆటైనట్టు.

దుర్గ గుమ్మంలోనే నిలబడిపోయింది. బల్ల మీద నీలం చీర, అరటిపళ్ళు అలాగే ఉన్నాయి. వాటి పక్కన పొద్దుటి కవరు.

“నువ్వు కిందికెళ్ళి ఆడుకోమ్మా” అంది మెర్సీ. పిల్ల దిగిపోయాక, “మీతో చెప్పాకే వెళ్దామనుకున్నానండి దుర్గగారూ. బడి దగ్గర ఒక గది చూశాను. చిన్నదే, పర్లేదు” అంది.

“మా అత్తయ్య తరఫున నేను—”

“అయ్యో, ఆవిడేం తప్పు చేసేరండీ? నన్ను అంత ప్రేమగా మా అమ్మ కూడా చూడలేదు.”

“మరెందుకండీ?”

మెర్సీ మంచం అంచున కూర్చుంది. పాఠం చెప్పేటప్పుడు గొంతు ఎత్తుతుందట, మామూలుగా మాత్రం ఆవిడ మాటలు దగ్గరగా వంగితేనే వినబడతాయి.

“మా అన్నయ్య శ్యామ్ బాబు చాలా మంచివాడండి. వదినా అంతే. నాన్నగారు పోయాక వాళ్ళింట్లో నాకో గది ఇచ్చేరు. ఇంటి ఖర్చుకి ఏమైనా ఇస్తానంటే అన్నయ్యకి కోపం. అందుకనే ఆ గదిలో నేను ఒక్క మేకు కొట్టలేదు. నాన్నగారి ఫొటో బల్ల మీద గోడకి ఆనించి పెట్టుకునేదాన్ని. కొట్టొద్దని వాళ్ళెవరూ అనలేదండి. నాకే అడగడానికి నోరు రాలేదు. ఒక సంబంధం నచ్చకపోతే, అది వద్దనడానిక్కూడా నెల పట్టింది. వాళ్ళ అన్నం తింటూ వద్దనడమెలాగ అనిపించేది.”

దుర్గ గోడ వైపు చూసింది. మాస్టారి ఫొటో అక్కడ మేకుకి నిటారుగా ఉంది.

“ఇక్కడికొచ్చిన రోజే మిమ్మల్నడిగాను, మేకు కొట్టుకోవచ్చా అని.”

“ఆయ్. సుత్తి కూడా నేనే ఇచ్చాను.”

“అద్దె ఇస్తున్నాను కాబట్టి అడిగానండి.” మెర్సీ నవ్వడానికి ప్రయత్నించింది. “తలుపు నాది అనిపించింది. తియ్యడం నా ఇష్టం, వేసుకోవడం నా ఇష్టం. ఇప్పుడు అద్దె లేకుండా ఉంటే మళ్ళీ అన్నయ్య ఇల్లే. ఎంత మంచి ఇల్లయినా సరే.”

“అయితే నా అన్నం బరువైందన్న మాట తల్లీ.”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో బంగారమ్మ నిలబడి ఉంది. చేతిలో పనసపొట్టు కూర గిన్నె. మెట్లెక్కిన ఆయాసం. ఎంతసేపట్నుంచి వింటోందో తెలీదు.

“అలా అనకండి అత్తయ్యగారూ.”

“ఎలా అనాలి మరి? మీ నాన్న నన్ను అద్దె అడిగేరా? తడిసిన బట్టలతో, చంటివాడితో వచ్చినదాన్ని, ఎన్నాళ్ళుంటావని అడిగేరా?”

“అడగలేదండి.”

“మరి నేనెలా అడుగుతానే నిన్ను?”

పక్కింట్లో కుక్కరు కూతపెట్టింది. అత్తగారి మాటకి జవాబుందని దుర్గ అనుకోలేదు.

“మీరు మా ఇంట్లో ఊరికే ఉన్నారా అత్తయ్యగారూ?” అంది మెర్సీ. “అమ్మ అంతా చెప్పింది. పచ్చి బాలింత అయ్యుండి, కుమారస్వామి గారిని అమ్మ ఒళ్ళో పడేసి, ఇంట్లో మేట వేసిన బురదంతా ఎత్తి పోసేరట. బడిలో తలదాచుకున్న వాళ్ళందరికీ గంజి కాచేరట. నాన్నగారు వద్దని కేకలేసేరట.”

బంగారమ్మ గిన్నెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“మీరేమన్నారో గుర్తుందాండీ?”

“ఏమన్నానటా?”

“‘ఊరికే తింటే నాకు ముద్ద దిగదు మాస్టారూ, చెయ్యనివ్వండి’ అన్నారట. నాన్నగారు ఇంక వద్దనలేదట. ఆయనే పార తెచ్చి మీ చేతికిచ్చేరట. ఆయన మిమ్మల్ని చెయ్యనిచ్చేరు కదండీ. మీరు నన్ను ఇవ్వనివ్వండి.”

బంగారమ్మ గిన్నె బల్ల మీద పెట్టింది. కూర్చోవడానికి అటూ ఇటూ చూసి, మూసి ఉన్న ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. పెట్టె మెల్లగా లోపలికి దిగిపోయింది.

“ఇదేంటే, ఇంత మెత్తగా ఉంది?”

“నా బట్టలండి.”

“సరే. వాటిని బీరువాలో పెట్టేదాకా నేను దీని మీంచి లేవను.”

“మీరు లేస్తేనే కదండీ తియ్యడానికి.”

“లేస్తే పట్టుకుపోతావు.”

దుర్గ ముందు నవ్వింది. తర్వాత మెర్సీ నవ్వింది. బంగారమ్మ నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని గోడ మీద మాస్టారి ఫొటోకేసి చూసింది.

“అప్పుడు ఆయన నన్ను వద్దని ఉంటే, ఆ వానలోనే చంటివాణ్ణి తీసుకుని వెళ్ళిపోయేదాన్నే” అంది నెమ్మదిగా. “అంత పొగరు నాకు. ఆ సంగతి నేనే మర్చిపోయాను చూడు.”

కాసేపటికి లేచింది. పెట్టె కూడా ఆమెతో పాటు కొంచెం లేచింది.

“చీర వెనక్కిస్తానంటే మాత్రం ఊరుకోను.”

“ఇవ్వనండి. రేపు బడికి కట్టుకెళ్తాను.”

“కూర రోజూ పంపను. వారానికి ఒకసారి.”

“రెండుసార్లు పంపండి” అంది మెర్సీ. “పనసపొట్టైతే మూడుసార్లు.”

“అద్దె కవరు నా చేతికియ్యకు. నా చెయ్యి ఒప్పుకోదు. మా కోడలికియ్యి. ఇంటి మంచీచెడ్డా ఇంక దానివే.” బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. “ఇది కూడా నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే నా కాళ్ళు ఊరుకోవు.”

మెర్సీ కవరు తెచ్చి దుర్గ చేతిలో పెట్టింది. తేలికైన కవరు. దుర్గ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కువైట్‌లో తుడిచిన గచ్చులన్నీ, ఎక్కీ దిగిన మెట్లన్నీ ఒక్కసారి కాళ్ళలోంచి జారిపోయినట్టు అనిపించింది. నేనింక వెళ్ళక్కర్లేదు, అనుకుంది. పైకి అంటే ఏమవుతుందో అని పైకి అనలేదు.

కింద బండి ఆగింది.

“తాతబ్బాయి గారొచ్చేరు దుర్గా!” కుమారస్వామి గొంతు. ఆ గొంతు అదోలా ఉంది.

*

తాతబ్బాయి అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. కుమారస్వామి అప్పటికే టీ గ్లాసు చేతికిచ్చేశాడు.

“అన్నయ్యగారూ” అంది దుర్గ మెట్లు దిగుతూనే. ఆగితే చెప్పలేనని భయం. “నేను కువైట్ వెళ్ళనండి. మీకు శ్రమ ఇచ్చేము. ఏమీ అనుకోకండి.”

తాతబ్బాయి టీ ఊదుకుంటూ ఆగాడు.

“అదేంటమ్మా? మీ ఆయన మొన్ననే నీ పాస్‌పోర్టు ఇచ్చేడు కదా.”

దుర్గ భర్త వైపు చూసింది. అతను గోడనున్న స్విచ్చుబోర్డు వైపు చూస్తున్నాడు.

“జిరాక్సు తీసుకుని ఇచ్చేస్తానన్నారు కదండీ” అన్నాడు స్విచ్చుబోర్డుతోనే.

“ఇద్దామనే అనుకున్నాను. ఈలోపు మంచి ఇల్లు తగిలింది. నువ్వు ఇచ్చేవంటే ఒప్పుకున్నట్టే కదా అని ముందుకి కదిపేశాను.” తాతబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు. “రావులపాలెంలో మా బావమరిది కొట్లో ఉంది. ఈ సాయంత్రం హైదరాబాదు బస్సులో వేసేస్తాడు. రేపు పొద్దున్నే అక్కడి ఆఫీసులో ఇస్తారు. ఆ గుమ్మం దాటిందంటే నా చేతిలో ఏమీ ఉండదమ్మా.”

“ఫోన్ చేసి ఆపించండి.”

అతను చేశాడు. రింగవుతోంది. మళ్ళీ చేశాడు. రెండో ఫోన్లోంచి కూడా చేశాడు.

“బస్సుల టైము. ఎత్తడు.”

దుర్గ భర్త దగ్గరకి వెళ్ళి నిలబడింది. “నన్నొక్క మాట అడగలేదేమండీ?”

“అడిగితే నువ్వు వద్దంటావు” అన్నాడు కుమారస్వామి. కళ్ళు నిండిపోయాయి. “నువ్వు వద్దంటే, ఆ మాట ఆయనకి నేను చెప్పాలి కదా.”

ఇన్నేళ్ళుగా తనకి ముద్దొచ్చిన మెతకతనమే ఇది. ఇవాళ అదే తనని కవరులో పెట్టి పంపించేసింది.

బంగారమ్మ మెట్ల మీంచి దిగి వచ్చింది. నేరుగా తాతబ్బాయి దగ్గరకి వెళ్ళి, సగం తాగిన టీ గ్లాసు అతని చేతిలోంచి తీసేసుకుంది. ఆ అరుగు మీద కూర్చున్న మనిషి చేతిలోంచి ఆవిడ ఏదైనా తీసుకోవడం ఎవరూ చూడలేదు.

“తర్వాత తాగుదువుగాని నాయనా. ముందు బండి తియ్యి. ఒరేయ్, వెనకాల ఎక్కు. మీ ఆవిణ్ణి వెనక్కి తీసుకురా.”

“ఎక్కుతానమ్మా” అన్నాడు కుమారస్వామి. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

తాతబ్బాయి బండి ఒక తన్నుకి లేవలేదు. రెండో తన్నుకీ లేవలేదు. “ఇందాకే బాగుందండి, ఆయ్” అంటున్నాడు చెమట తుడుచుకుంటూ.

గేటు బయట హారన్ మోగింది. మెర్సీ అప్పటికే స్కూటీ తీసి, హెల్మెట్ పెట్టుకుని ఉంది.

“దుర్గగారూ, ఎక్కండి.”

“సెంటరు దాటాక, బస్సులాగే చోటేనమ్మా కొట్టు” అని అరిచాడు తాతబ్బాయి. కవరు అత్తగారి చేతిలో పెట్టేసి ఎక్కింది దుర్గ. ఒప్పుకోనన్న చెయ్యే ఆ కవరుని గట్టిగా పట్టుకుంది.

“ఎక్కడికెళ్తున్నావమ్మా?” గేటు పట్టుకుని అడిగింది బుజ్జమ్మ.

“ఎక్కడికీ వెళ్ళకుండా ఉండడానికి” అంది దుర్గ.

*

మెర్సీ బండి నడపడం కూడా పాఠం చెప్పినట్టే ఉంది. ప్రతి మలుపుకీ చెయ్యి చాపుతుంది. ప్రతి గోతికీ తగ్గిస్తుంది.

“టీచరుగారూ, కొంచెం గట్టిగా పోనివ్వరూ.”

“గోతులండీ.”

“పడితే లేద్దామండీ.”

మెర్సీ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత స్కూటీ ముందుకి దూకింది. కాలువలో ఎండ పల్చబడింది. అరటిగెలల వ్యాన్లు ఎదురొస్తున్నాయి. ఒక దాన్ని దాటేటప్పుడు ఆకులు దుర్గ భుజాన్ని రాసుకుపోయాయి. వెనక్కి తిరిగి చూసింది. తాతబ్బాయి బండి కనబడలేదు.

“దుర్గగారూ” అంది మెర్సీ గాలిలోకి. “నేనూ కాదనలేక అన్నయ్య ఇంట్లో అన్నీ ఒప్పేసుకునేదాన్నండి. కుమారస్వామి గారి మీద మరీ కోపం తెచ్చుకోకండి.”

“తెచ్చుకుంటానండి” అంది దుర్గ. “ఇంటికెళ్ళాక. నిలబెట్టి తెచ్చుకుంటాను. ముందు ఇంటికి వెళ్ళేలా చూడండి.”

రావులపాలెం సెంటరు దాటాక కొట్టు కనబడింది. షట్టరు సగం దించేశారు. దాని ముందు హైదరాబాదు బస్సు, ఇంజను ఆన్‌లో ఉంది. సామానంతా ఎక్కించేశారు. ఒకాయన పరుగున వెళ్ళి, కిటికీలోంచి డ్రైవరు చేతికి గోధుమరంగు కవరు అందించి, చెయ్యి ఊపి, షట్టరు వైపు తిరిగాడు.

బస్సు కదిలింది.

స్కూటీ ఆగకముందే దుర్గ దూకింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తి, బస్సు ముందుకి వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడింది. బ్రేకు కీచుమంది. బంపరు ఆమె మోకాళ్ళకి బెత్తెడు దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయటికి పెట్టాడు. “ఏంటమ్మా! ఎక్కాలా? టికెట్టుందా?”

“ఎక్కడానికి కాదండి” అంది దుర్గ రొప్పుతూ. “దింపుకోడానికి.”

“ఎవర్ని?”

“నన్నేనండి. ఆ కవరులో ఉన్న పాస్‌పోర్టు నాది.”

డ్రైవరు ఒకసారి ఆమెని చూశాడు. ఒకసారి వెనక సీట్ల వైపు చూశాడు. తర్వాత తన పక్కనున్న కవరు మీద చెయ్యి వేశాడు. ఇవ్వడానికో, దాచడానికో దుర్గకి అర్థం కాలేదు. బస్సు ఇంజను ఆగలేదు, దుర్గ కూడా పక్కకి జరగలేదు.